హైదరాబాద్–బెంగళూరు, 44వ నంబరు హైవే: పెట్రోలు ఖర్చు తగ్గించే ప్రాజెక్టు డైరీ

బండి: 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, ఐదు గేర్ల మాన్యువల్, 37 లీటర్ల ట్యాంకు. ఖాళీ బరువు 900 కిలోలు, నలుగురు మనుషులూ సామానూ కలిపి మరో 320. దారి: ఆరాంఘర్ దగ్గరి బంకు నుంచి యలహంక వైపు బంకు దాకా 570 కి.మీ., రానూపోనూ 1,140.

పాత ట్రిప్పు బిల్లులు కూడితే 70.8 లీటర్లు తేలింది. అంటే లీటరుకు 16.1 కి.మీ. అప్పటి పరిస్థితి: పైన క్యారియర్ మీద టార్పాలిన్ కట్టిన రెండు సూట్‌కేసులు, వేగం ఎక్కువసేపు వంద దగ్గర, పెట్రోలు ఎక్కడ ముల్లు పడిపోతే అక్కడ. ఈ అంకెను 20 దాటించాలి. బండికి కొత్త భాగాలేమీ బిగించకూడదు, ప్రయాణం గంటకు మించి పెరగకూడదు.

మొదటి వారం: కొలత సరిచేయడం

మైలేజీ మీద వాదనలన్నీ కొలత దగ్గరే తప్పుతాయి. డాష్‌బోర్డు మీటరు చూపించే మైలేజీ సగటును నమ్మి లెక్కలు వేస్తే ప్రాజెక్టు అక్కడే ముగిసినట్టు.

ముందు ఓడోమీటర్. ఫోన్ జీపీఎస్‌లో సరిగ్గా 100 కి.మీ. నడిపితే ఓడోమీటర్ 101.8 చూపించింది. ప్రతి దూరాన్నీ 1.018తో భాగించాలన్నమాట. టైర్లు అరిగేకొద్దీ ఈ తేడా ఇంకాస్త పెరుగుతుంది. స్పీడోమీటర్ కూడా ఎక్కువే చూపిస్తుంది: ముల్లు 95 మీద ఉంటే అసలు వేగం 90. ఇక ముందు ఈ డైరీలో వేగమంటే జీపీఎస్ వేగమే.

తర్వాత ట్యాంకు నుంచి ట్యాంకు కొలత: ట్యాంకు నింపి నడిపి, మళ్లీ నింపినప్పుడు పట్టిన లీటర్లతో దూరాన్ని భాగించడం. అదే బంకు, అదే నాజిల్, బండి అదే వైపు ముఖం పెట్టి ఉండాలి. నాజిల్ తనంతట తాను మొదటిసారి 'టక్' మని ఆగినప్పుడే (ఆటో కట్) ఆపేయాలి. మొదటి ప్రయత్నం ఇక్కడే పాడైంది. రెండో బంకులో నేల కాస్త వాలుగా ఉంది, పైగా కుర్రాడు రౌండ్ ఫిగర్ చేద్దామని నాజిల్ మళ్లీ మళ్లీ నొక్కాడు. లీటరుకు పైగా తేడా వచ్చింది, ఆ రీడింగు కొట్టేశాం. గొంతు దాకా నింపడం వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. ట్యాంకులో ఆవిరిని పీల్చుకునే బొగ్గు క్యానిస్టర్‌లోకి ద్రవ పెట్రోలు వెళ్తే అది పాడవుతుంది, కొత్తది చవక కాదు.

ఆటో కట్ దగ్గరే ఆపినా పావు లీటరు అటూఇటూ అవుతుంది. 6 లీటర్లు తాగే 120 కి.మీ. పరీక్షలో అది నాలుగు శాతం తప్పు. 27 లీటర్లు తాగే ప్రయాణంలో ఒక్క శాతమే. కాబట్టి చిన్న పరీక్షలకు మీటరులోని సగటు, పెద్ద ప్రయాణాలకు ట్యాంకు లెక్క అని విడగొట్టాం. మీటరు 22.6 అన్నచోట ట్యాంకు లెక్క 21.3 ఇచ్చింది. ఆ నిష్పత్తి 0.94. మీటరు అంకెలన్నిటినీ దాంతో గుణించే రాస్తున్నాం.

బంకులో అనుమానం వస్తే అడగడానికి మొహమాటపడక్కర్లేదు. 5 లీటర్ల కొలపాత్ర ప్రతి బంకులోనూ ఉండాలి, అందులో పట్టి చూపించమనొచ్చు. 25 మి.లీ. దాకా తేడా చెల్లుతుంది. కల్తీ ఉందేమో తెలియడానికి ఫిల్టర్ పేపర్ మీద చుక్క వేసి చూపించమన్నా చూపించాలి. 500కి బదులు 510కి కొట్టిస్తే మోసం జరగదనేది వట్టి నమ్మకం. మెషీన్ సున్నా నుంచి మొదలైందా లేదా చూసుకోవడమే అసలు పని.

పాత అంకెలతో పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, ఇథనాల్‌లో 21 మాత్రమే. పది శాతం మిశ్రమం నుంచి ఇరవైకి వచ్చేసరికి లీటరులో శక్తి మూడున్నర శాతం దాకా తగ్గుతుంది. నాలుగేళ్ల కిందటి మైలేజీ రాలేదని మెకానిక్ మీద విరుచుకుపడే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

రెండో వారం: బండి తనిఖీ

టైర్లు ముందు. డ్రైవరు తలుపు పక్కనున్న స్టిక్కర్ ప్రకారం పూర్తి లోడుకు గాలి 33 పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత) ఉండాలి. ఉదయం బండి కదలకముందు సొంత డిజిటల్ గేజ్‌తో చూస్తే 27, 28, 26, 28. బంకుకు నాలుగు కిలోమీటర్లు నడిపి వెళ్లి 'ముప్పై కొట్టు' అంటే ఇలాగే అవుతుంది. వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తుంది, సుమారు ఐదారు డిగ్రీల వేడికి ఒక పీఎస్ఐ చొప్పున. చల్లారాక చూస్తే తక్కువ. ఇంట్లోనే చల్లగా ఉన్నప్పుడు ఎంత తక్కువుందో రాసుకుని, బంకులో వేడి రీడింగు మీద అంతే కలిపి కొట్టించాలి.

'ఎండాకాలం కదా, గాలి తక్కువ పెట్టించండి, లేకపోతే పేలుతుంది' అనే సలహా పంక్చర్ షాపుల్లో తరచూ వినబడుతుంది. ఇది తలకిందుల సలహా. గాలి తక్కువైతే టైరు పక్కగోడ ప్రతి చుట్టుకీ ఎక్కువ వంగుతుంది, ఆ వంగడంతోనే వేడి పుడుతుంది, పేలేది ఆ వేడికే. మధ్యాహ్నం హైవే మీద 37 చూపించినా గాలి తీయకూడదు. నైట్రోజన్‌కు విడిగా డబ్బు పెట్టలేదు. మామూలు గాలిలో ఉన్నదే 78 శాతం నైట్రోజన్. 27 నుంచి 33కు తెస్తే పెట్రోలులో కలిసొచ్చేది రెండు శాతం దాకా ఉంటుంది. ట్యాంకు కొలతలో అది కనబడదు. భద్రత కోసమైనా చేయాల్సిన పని కాబట్టి చేశాం.

అసలు దొంగ వేరేచోట దొరికింది. బ్రేకు పెద్దగా వాడకుండా 15 కి.మీ. నడిపి ఆపి, నాలుగు చక్రాల మధ్యభాగం మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టాం. వెనక కుడి 41 డిగ్రీలు, వెనక ఎడమ 63. ఎడమ చక్రంలోని బ్రేకు డ్రమ్ పట్టేసింది. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ తొడుగులో తుప్పు చేరి, లివర్ దించినా పూర్తిగా వదలడం లేదు. జాకీ మీద లేపి చక్రాన్ని చేత్తో తిప్పితే అర చుట్టు తిరిగి ఆగిపోతోంది. కేబుల్ మార్చి, డ్రమ్ విప్పి దుమ్ము తీసి, షూలు సర్దించాక మూడు చుట్లు తిరిగింది. థర్మామీటర్ లేకపోతే చక్రం దగ్గరగా చెయ్యి పెట్టినా తేడా తెలుస్తుంది. డ్రమ్‌ను ముట్టుకోవద్దు.

బండి కంప్యూటర్ అంకెలు చదవడానికి ఉండే ఓబీడీ పోర్టులో చిన్న బ్లూటూత్ డాంగిల్ పెట్టి రెండు అంకెలు చూశాం. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి 88–92 డిగ్రీల మధ్య నిలకడగా ఉంది, మంచిదే. ఆ ద్రవం ప్రవాహాన్ని అదుపు చేసే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోతే హైవే మీద 70 దగ్గరే ఆగుతుంది. ఇంజన్ ఇంకా చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. వేడి చూపించే ముల్లు లేని కొత్త మీటర్లలో ఇది బయటపడదు. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచి తగ్గించి సర్దుతోందో చెప్పే అంకె, +3 ఉంది. అటూఇటూ ఐదు దాకా ఫరవాలేదు, పది దాటితే గాలి లీకు, ఆక్సిజన్ సెన్సర్, ఇంజెక్టర్ వరసగా చూసుకోవాలి. డాంగిల్‌ను బండి ఆపాక తీసేయాలి, వారం వదిలేస్తే బ్యాటరీ దించేస్తుంది.

ఎయిర్ ఫిల్టర్ మురికిగా ఉంటే మార్చాం గానీ మైలేజీ కోసం కాదు. కార్బురేటర్ రోజుల్లో ఫిల్టర్ మూసుకుపోతే పెట్రోలు ఎక్కువ తాగేది. ఇప్పుడు లోపలికి వచ్చిన గాలిని బట్టే కంప్యూటర్ పెట్రోలు పోస్తుంది కాబట్టి తగ్గేది పికప్. ఆయిల్ మాత్రం మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించాలి. 'మన ఎండలకు చిక్కటిదే మంచిది' అని 20డబ్ల్యూ50 పోస్తే ఆ చిక్కదనాన్ని తిప్పడానికి పోయేది మన పెట్రోలే.

మూడో వారం: వేగం, క్యారియర్, ఏసీ

శంషాబాద్ నుంచి జడ్చర్ల దాకా వెళ్లి వెనక్కి. రెండు వైపులా నడిపి సగటు తీస్తే ఎదురుగాలి, ఎత్తుపల్లాలు చాలావరకు కొట్టుకుపోతాయి. ఒకవైపు నడిపి రాసుకున్న రీడింగు దేనికీ పనికిరాదు. తెల్లవారుజామున, టాప్ గేర్‌లో, ఏసీ 25 మీద, అద్దాలు మూసి:

80 దగ్గర లీటరుకు 23.4 కి.మీ.
90 దగ్గర 21.3
100 దగ్గర 19.2
110 దగ్గర 17.2

కారణం గాలి. టైర్ల రాపిడి వేగంతో పెద్దగా మారదు, గాలి నిరోధం మాత్రం వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 100కు వెళ్తే గాలి తోసే తోపు 56 శాతం పెరుగుతుంది, 110కి వెళ్తే 89 శాతం.

ఈ నాలుగు అంకెలనూ 570 కి.మీ.కు, సమయానికి మార్చి చూస్తేనే నిర్ణయం తేలుతుంది. 110 నుంచి 100కు దిగితే 3.5 లీటర్లు మిగులుతాయి, పోయేది 31 నిమిషాలు. 100 నుంచి 90కి దిగితే 2.9 లీటర్లు, 38 నిమిషాలు. 90 నుంచి 80కి దిగితే 2.4 లీటర్లే, పోయేది 47 నిమిషాలు. పైగా 80లో వెళ్తే లారీల వరసలో చిక్కుకుని మాటిమాటికీ బ్రేకు వేయాల్సి వస్తుంది. 90 దగ్గర ఆగాం. తొందరగా చేరాల్సిన రోజు వంద పెట్టినా తప్పేం లేదు. లీటరు 107 చొప్పున 38 నిమిషాల ధర 310 రూపాయలు, అంతే.

తర్వాత క్యారియర్, 90 వేగం మీదే. ఖాళీ క్యారియర్‌తో 20.1. అవే సూట్‌కేసులు, టార్పాలిన్‌తో 17.6. అంటే వేగం వంద నుంచి 90కి తగ్గించి సంపాదించిందంతా క్యారియర్ ఒక్కటే తినేసి, ఇంకా దాదాపు అంత తీసుకుంది. టార్పాలిన్ అంచు రెపరెపలాడితే ఇంకా ఘోరం. క్యారియర్ విప్పేశాం. గట్టి సూట్‌కేసుల బదులు మెత్తటి బ్యాగులు ఐతే డిక్కీ మూలల్లోకి కుక్కొచ్చు. బరువు గురించి జనం ఎక్కువ దిగులుపడతారు. చదునైన హైవే మీద 50 కిలోలకు ఒక శాతం తేడా వస్తే గొప్ప. సామాను ఎంతుందన్నదాని కన్నా ఎక్కడుందన్నదే ముఖ్యం.

ఏసీ ఆపి అద్దాలు మూసేస్తే 22.4, కానీ ఎవరూ కూర్చోలేరు. ఏసీ ఆపి ముందు అద్దాలు రెండూ దించితే 21.4. ఏసీ వేసుకున్నా 21.3. హైవే మీద ఈ వాదన ఇంతటితో ముగిసింది. ఎండలో నిలబడిన బండిని మాత్రం ముందు అద్దాలు దించి ఒక నిమిషం నడిపి, సెగ బయటకు పోయాక ఏసీ వేసి లోపలి గాలినే తిప్పమని పెట్టాలి.

నాలుగో వారం: ఎక్కడ కొట్టించాలి

ఈ దారి మూడు రాష్ట్రాల మీదుగా పోతుంది. తుంగభద్ర వంతెన దాకా తెలంగాణ, కర్నూలు నుంచి కొడికొండ దాకా సుమారు 250 కి.మీ. ఆంధ్రప్రదేశ్, ఆ తర్వాత కర్ణాటక. కేంద్రం వేసే సుంకం అందరికీ ఒకటే, తేడా అంతా రాష్ట్రాల వ్యాట్‌లో ఉంది. తెలంగాణలో పెట్రోలు మీద 35.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, దాని మీద లీటరుకు 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. కర్ణాటకలో 2024 జూన్‌లో పెంచాక కూడా 29.84 శాతమే. 2025లో హైదరాబాద్‌లో లీటరు 107 దాటి, బెంగళూరులో 103 లోపు, మధ్యలో ఆంధ్రలో 109 పైన ఉంది. ధరలు ఏ రోజైనా ఉదయం ఆరింటికి మారొచ్చు కాబట్టి బయల్దేరే రోజు ఆయిల్ కంపెనీ యాప్‌లో చూసుకోవాలి.

ప్లాను ఇలా వేశాం. హైదరాబాద్‌లో ఫుల్ ట్యాంకు. 90 వేగంతో 570 కి.మీ.కు 27–28 లీటర్లు, చేరేసరికి 9 మిగులుతుంది. ఆంధ్రలో చుక్క కొట్టించక్కర్లేదు. అడ్డంకులు వచ్చి ఎక్కువ తాగితే పుల్లూరు టోల్‌కు ముందు, అలంపూర్ చౌరస్తా దగ్గర ఐదు లీటర్లు వేయించుకుంటే సరిపోతుంది. తిరుగు ప్రయాణానికి కర్ణాటకలోనే నింపాలి. ఐదు లీటర్ల కిందకు మాత్రం దించొద్దు. ట్యాంకులోని పంపు చల్లబడేది చుట్టూ ఉన్న పెట్రోలుతోనే. రెండు రూపాయలు మిగుల్చుకుందామని పంపు కాల్చుకుంటే ఆ ఏడాది ట్రిప్పుల లాభమంతా అందులో పోతుంది.

బెంగళూరులో కాకుండా బాగేపల్లి దగ్గర, సరిహద్దుకు ముందు నింపితే హైదరాబాద్‌కు ఇంకో నాలుగున్నర లీటర్ల చవక పెట్రోలు మోసుకురావచ్చు. లాభం ఇరవై రూపాయలు. దారి పక్కనే బంకు తగిలితే సరే, వెతుక్కుంటూ వెళ్లడం శుద్ధ దండగ.

ఎక్కువ ఆక్టేన్ ఖరీదైన పెట్రోలు ఈ ఇంజన్‌కు పోయలేదు. మాన్యువల్‌లో అడగని ఇంజన్‌కు పోస్తే దానికి తెలియను కూడా తెలియదు. తెల్లవారుజామున నింపితే చల్లగా చిక్కగా ఎక్కువ వస్తుందనే మాట కూడా పక్కన పెట్టాం. పెట్రోలు ఉండేది నేలలోపలి ట్యాంకులో, అక్కడ పొద్దుటికీ మధ్యాహ్నానికీ వేడి పెద్దగా మారదు.

ఐదో వారం: వెళ్లే ప్రయాణం

ఉదయం 4:30కు బయల్దేరితే శంషాబాద్, షాద్‌నగర్ వాహనాల రద్దీ తగలదు. ఫాస్టాగ్‌లో డబ్బు ముందు రోజే చూసుకోవాలి. ఏసీతో నిలబడిన ఇంజన్ గంటకు లీటరు దాకా తాగుతుంది. రాయికల్, శాఖాపూర్, పుల్లూరు, అమకతాడు, కాసేపల్లి, మరూరు, బాగేపల్లి అని ఇన్ని టోల్‌ప్లాజాల్లో ఒక్కోచోట నాలుగైదు నిమిషాలు నిలబడ్డా అర లీటరు పోయినట్టే.

నడిపే తీరులో డబ్బున్నది బ్రేకు దగ్గర. 1,220 కిలోల బండిని 100 నుంచి 60కి బ్రేకుతో దించి మళ్లీ 100కు తేవడానికి 300 కిలోజౌళ్లు కావాలి. ఇంజన్ సామర్థ్యం 28 శాతం అనుకుంటే 36 మి.లీ. పెట్రోలు, దగ్గర దగ్గర నాలుగు రూపాయలు. ఇలాంటివి ముప్పై పడితే లీటరు దాటింది. ముందు లారీ కుడి లేన్‌లోకి వస్తున్నట్టు అర కిలోమీటరు దూరంలోనే కనబడుతుంది. అక్కడే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేయాలి. గేర్‌లోనే ఉంచి కాలు తీస్తే ఇంజెక్టర్లు పెట్రోలు పూర్తిగా ఆపేస్తాయి. ఇంజన్‌ను తిప్పేది చక్రాలే. న్యూట్రల్ చేస్తే ఇంజన్ ఆగిపోకుండా పెట్రోలు మళ్లీ మొదలవుతుంది. దిగుడులో న్యూట్రల్ వేసి మిగుల్చుకున్నామనుకునేవారు నిజానికి పోగొట్టుకుంటున్నారు, ఇంజన్ బ్రేకింగ్ కూడా పోతుంది. ఇంజన్ ఆఫ్ చేసి జారడం మాట ఎత్తనే వద్దు: బ్రేకు నొక్కడాన్ని తేలిక చేసే బూస్టర్ రెండు మూడు నొక్కుళ్లకే ఊరుకుంటుంది, పెడల్ గట్టిపడిపోతుంది. లారీ వెనకాల అతుక్కుని గాలి తప్పించుకోవడమూ ఇదే జాతి.

డోన్ దాటాక వచ్చే ఎత్తుపల్లాల్లో, ఫ్లైఓవర్ల మీద వేగాన్ని పట్టుకు వేలాడక్కర్లేదు. ఎక్కేటప్పుడు 90 నుంచి 82 దాకా పడనిచ్చి, దిగేటప్పుడు దానంతట అది పుంజుకోనివ్వాలి.

యలహంకలో ట్యాంకు లెక్క: 27.7 లీటర్లు, లీటరుకు 20.6. అనుకున్న 21.3 రాలేదు. కారణం వెతికితే దారి ఎత్తు దగ్గర తేలింది. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తు, బెంగళూరు 920. ఈ 380 మీటర్లు 1,220 కిలోలను మోయడానికి నాలుగున్నర మెగాజౌళ్లు, అంటే అర లీటరుకు కాస్త పైన. మధ్యలో కర్నూలు దగ్గర 300 మీటర్ల లోపుకు దిగి మళ్లీ ఎక్కాలి. బాగేపల్లి నుంచి చిక్కబళ్లాపురం వైపు మీటరులో సగటు కళ్లముందే పడిపోతుంటే బండికేదో అయిందని కంగారుపడక్కర్లేదు.

ఆరో వారం: తిరుగు ప్రయాణం

అదే వేగం, అదే లోడు. ఆరాంఘర్‌లో 25.1 లీటర్లు, లీటరుకు 22.7. రానూపోనూ 52.8 లీటర్లు, సగటు 21.6. పాత 70.8తో పోలిస్తే 18 లీటర్లు తక్కువ. ఆంధ్ర ధర లీటరు 109 చొప్పున 1,960 రూపాయలు. బంకు ఎంపికతో మరో 200. వెళ్లేటప్పుడు పట్టిన అదనపు సమయం నలభై నిమిషాల లోపే.

ఆ 18 లీటర్లలో సగం పైన క్యారియర్‌దే. తర్వాత వేగం. పట్టేసిన డ్రమ్ వాటా ఎంతో విడిగా తీయలేం, ఎందుకంటే పాత ట్రిప్పులో అది ఎప్పటి నుంచి పట్టేసిందో ఆధారం లేదు. టైరు గాలి చివర.

మిగిలిన పనులు

గాలి పరీక్ష బాకీ ఉంది. ఈ ట్రిప్పు చలికాలంలో జరిగింది. ఆషాఢంలో అనంతపురం మీదుగా వెళ్తే సంగతి వేరు, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. నైరుతి గాలి వెళ్లేటప్పుడు ముందు నుంచీ పక్క నుంచీ కొడుతుంది. 90లో పోతున్న బండికి 20 కి.మీ. ఎదురుగాలి తగిలితే గాలి నిరోధం సరిగ్గా 110లో ఉన్నంత, అంటే ఒకటిన్నర రెట్లు. గుత్తి నుంచి పెనుకొండ దాకా వేగాన్ని 80కి దించి, ఆ ముక్కకు మాత్రమే ట్రిప్ మీటర్ సున్నా చేసి రాసుకోవాలి. ఆ రోజు అలంపూర్ చౌరస్తా దగ్గర ఐదు లీటర్లు తప్పక వేయించాలి.

వెనక ఎడమ డ్రమ్ వేడి వెయ్యి కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూస్తే 43. కుడి 41.